హద్దురాయి ఎవరి ముందు పాతారు?

పక్కింటాయన కంచె జరిపాడు, పొలం గట్టు తొలిచాడు... ఈ గొడవ వినని ఊరు ఉండదు. ఈ రోజు దాని చరిత్ర చూద్దాం.

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో హద్దు తగాదాల మీద పెద్ద భాగమే ఉంది. హద్దు మీద మర్రి, రావి, మోదుగ, తాడి లాంటి చెట్లు నాటమంటుంది. మరి చెట్టు కొట్టేస్తే? అందుకే నేల లోపల కూడా గుర్తులు దాచమంది. రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, ఇటుకలు, బొగ్గు. మట్టి తొందరగా తినెయ్యనివి అన్నమాట. పైన గట్టు జరిపినవాడికి కింద బొగ్గు ఎక్కడుందో తెలీదు కదా! నాకైతే ఇది ఆ కాలపు పాస్‌వర్డ్ అనిపిస్తుంది.

గుర్తులతో తేలకపోతే సాక్షులు. వాళ్లు నెత్తిన మట్టి పెట్టుకుని, ఎర్రబట్టలు కట్టుకుని ప్రమాణం చెయ్యాలి. ఊరి పొలిమేరకి సాక్షులు దొరక్కపోతే పశువుల కాపరుల్ని, వేటగాళ్లని, చేపలు పట్టేవాళ్లని, పాములు పట్టేవాళ్లని అడగమంది. మిగతా చోట్ల ఇలాంటివాళ్లకి పెద్దగా విలువివ్వని పుస్తకం ఇక్కడ మాత్రం వాళ్ల దగ్గరికే వెళ్లింది. నేల మీద రోజూ తిరిగేది వాళ్లే మరి. పొలం, బావి, తోట, ఇల్లు అయితే చుట్టుపక్కలవాళ్ల మాటే ఆధారం.

మన దగ్గర తూర్పు చాళుక్యుల రాగిశాసనాలు చూడండి. దానం సంగతి సంస్కృతంలో ఉంటుంది, పొలిమేరలు చెప్పేచోట తెలుగు మాటలు దిగుతాయి. రేపు గొడవ పడేవాళ్లకి అర్థం కావాలి కదా, అందుకే అని నా అంచనా.

ఇక గొలుసు. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషు లెక్కలాయన తయారుచేసిన కొలత గొలుసు బ్రిటిష్‌వాళ్లతో మన పొలాల్లోకి వచ్చింది. పొడవు 66 అడుగులు, 100 లింకులు. లింకు అంటే 7.92 అంగుళాలు, జానెడు కూడా నిండదు. కానీ 10 గొలుసుల పొడవున్న గట్టు ఒక్క లింకు జరిగితే పోయేది సరిగ్గా ఒక సెంటు, అంటే 48.4 గజాలు. మా ఊళ్లో ఇద్దరు అన్నదమ్ముల బిడ్డలు ఇలాంటి జానెడు కోసమే పన్నెండేళ్లు మాట్లాడుకోలేదు. చావుకి కూడా వెళ్లలేదు. ఇంకో చిక్కు, గొలుసు వాడేకొద్దీ కడియాలు అరిగి సాగుతుంది. తప్పు ఎవరూ చెయ్యకుండానే రెండు కొలతలు రెండు రకాలుగా రావచ్చు.

1923లో మద్రాసు సర్వే, హద్దుల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ అదే ఆధారం. దాని ప్రకారం సర్వే రాళ్లు కాపాడుకోవాల్సింది భూమి హక్కుదారుడే. సర్వే పూర్తయిందని ప్రకటించాక, హద్దు తప్పనుకుంటే మూడేళ్లలోపు సివిల్ కోర్టుకి వెళ్లాలి. ఈ గడువు చాలామందికి తెలీదు, అక్కడే నష్టపోతారు.

కాబట్టి కంచె మీద చెయ్యి వేసేముందు మీ సర్వే నంబరు పటం తీయించండి. ఆంధ్రలో ఎఫ్ఎంబీ అంటారు, తెలంగాణలో టిప్పన్. తర్వాత సర్వేకి దరఖాస్తు పెట్టండి. 2020 డిసెంబరులో ఆంధ్రాలో మొదలైన రీసర్వేలో డ్రోన్లు ఎగిరాయి. డ్రోన్‌కి గట్టు కనిపిస్తుంది గానీ, ఆ గట్టు పోయినేడు ఎక్కడుందో కనిపించదు. సర్వేయర్ నోటీసు వస్తే ఆ రోజు పొలంలో ఉండండి. పక్క పొలం బాబాయినీ రమ్మనండి.