ఓప్రాకి తలుపు తీసిందెవరు?

ఓప్రా విన్‌ఫ్రే కథ మన హాస్టల్ పిల్లలకి కూడా తెలిసిందే. వ్యక్తిత్వ వికాస పుస్తకాల వాళ్లు దాన్ని అంతగా అరగదీశారు. 1954లో మిసిసిపీ రాష్ట్రం కోషియస్కో అనే ఊళ్లో, పెళ్లికాని నల్లజాతి తల్లికి పుట్టింది. బైబిల్లో రూతు తోడికోడలు ఓర్పా పేరు పెడితే జనం నోట్లో ఓప్రా అయింది. గోనెసంచితో కుట్టిన గౌన్లు తొడుక్కున్నానని తనే చెప్పుకుంది. తల్లి మిల్వాకీలో ఇళ్లల్లో పనిచేసేది. అక్కడ తొమ్మిదో ఏట నుంచి అయినవాళ్ల చేతుల్లోనే అత్యాచారాలకి గురైంది. పద్నాలుగేళ్లకి బిడ్డని కని పోగొట్టుకుంది. ఆ తర్వాత కష్టపడింది, పైకొచ్చింది. కథ కంచికి.

మా పేచీ అంతా ఆ చివరి రెండు మాటల మధ్య ఉన్న ఖాళీతోనే. పెంచిన అమ్మమ్మ కష్టపడలేదా? పెరట్లో కాగులో బట్టలు ఉడకేస్తూ, చూసి నేర్చుకో, రేపు నువ్వూ చెయ్యాల్సిందే అనేదని ఓప్రానే చెప్పింది. అమ్మమ్మకి తెరుచుకోని తలుపు మనవరాలికి ఎట్లా తెరుచుకుంది?

అదే మిసిసిపీ రాజధాని జాక్సన్‌లో డబ్ల్యూఎల్‌బీటీ అనే టెలివిజన్ స్టేషన్ ఉండేది. నల్లవాళ్ల పోరాటాల వార్తలొస్తే ప్రసారం కోసేసేది. 1964లో ఒక చర్చి సంస్థ, స్థానిక ఉద్యమకారులు కలిసి దాని లైసెన్సు రద్దు చెయ్యమన్నారు. ప్రేక్షకులకి అడిగే హక్కెక్కడిదన్నారు ప్రభుత్వం వాళ్లు. హక్కుందని 1966లో కోర్టు తేల్చింది. 1969లో లైసెన్సే పోయింది. ఈలోగా నగరాల్లో నల్లజనం తిరగబడ్డారు. వార్తాసంస్థలు తెల్లవాళ్ల కళ్లతోనే చూస్తున్నాయి, నల్లవాళ్లని ఉద్యోగాల్లోకి తీసుకోండని 1968లో కెర్నర్ కమిషన్ రాయక తప్పలేదు. స్టేషన్లకి భయం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఓప్రా నాష్‌విల్‌లో తండ్రి దగ్గర చదువుకుంటోంది. 1960లో హోటళ్లలో కూర్చుని దెబ్బలు తిన్న నల్లవిద్యార్థుల ఊరది. వాళ్లు చదివిన కాలేజీల్లో ఒకదాన్లోనే ఈమె చేరింది. మొదట నల్లశ్రోతల రేడియోలో వార్తలు చదివింది. 1973 ప్రాంతంలో టెలివిజన్‌కి వెళ్లింది. లెక్క చూపించుకోడానికే తనని పెట్టుకున్నారని ఆమె కూడా దాచలేదు. ప్రతిభ ఆమెదే, సందేహం లేదు. 1984లో షికాగోలో అడుగున పడున్న కార్యక్రమాన్ని నెలల్లో పైకి తెచ్చింది. 1986 సెప్టెంబరులో దేశమంతా చూసింది. తర్వాత కార్యక్రమం యాజమాన్యం కూడా తన కంపెనీ హార్పోకే తెచ్చుకుంది. మన దృష్టిలో ఇది కీర్తికంటే పెద్ద సంగతి.

అయితే 1987 ఫిబ్రవరిలో ఏం జరిగిందో చూడాలి. జార్జియాలోని ఫోర్సిత్ కౌంటీ 1912లో నల్లవాళ్లని మొత్తంగా తరిమేసింది. డెబ్బై అయిదేళ్లు రానివ్వలేదు. జనవరిలో హోసియా విలియమ్స్ అక్కడ ఊరేగింపు తీస్తే రాళ్లు పడ్డాయి. ఓప్రా వెళ్లి అక్కడే కార్యక్రమం పెట్టింది. స్థానికులకే ప్రవేశం అంది. స్థానికులంటే అందరూ తెల్లవాళ్లే గదా! బయట నిరసన తెలిపిన హోసియా విలియమ్స్‌ని పోలీసులు పట్టుకుపోయారు. లోపల తెల్లవాళ్ల ద్వేషాన్ని వాళ్ల నోటితోనే దేశానికి వినిపించింది, అది చిన్న పని కాదు. కానీ తలుపు పగలగొట్టిన తరం గుమ్మం బయట ఉండిపోయింది. ఆమెని తిట్టడానికి కాదు, ఆ గుమ్మం ఎటువంటిదో మన పిల్లలు చూడాలని రాస్తున్నాం.

మన దగ్గర ఆ తలుపు సంగతి 1996లో బయటపడింది. ఢిల్లీలో వాషింగ్టన్ పోస్ట్ విలేకరి కెన్నెత్ కూపర్ ఒక దళిత జర్నలిస్టు కోసం వాకబు చేశాడు. బి. ఎన్. ఉనియాల్ ప్రభుత్వ గుర్తింపు ఉన్న విలేకరుల జాబితా అంతా వెతికాడు. ఒక్కరూ దొరకలేదని పయనీర్ పత్రికలో రాశాడు. వెతకమన్న కూపర్ నల్లజాతివాడు.