కిక్రి వినే ఇల్లు, గుంజాల పుస్తకం



మన పిల్లలను ఎవరిని అడిగినా ఒక మాట చెబుతారు: ఆట, పాట మనవి, చదువు మాత్రం బయటివాళ్ళు తెచ్చి ఇచ్చింది. మొదటిసారి పలక పట్టింది తండ్రి కాలంలోనో, అన్న కాలంలోనో అయిన ఇళ్ళలో అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. కాని ఆదిలాబాద్ అడవుల్లో మన పెద్దలు నడిచిన దారిని కొంచెం వెనక్కి వెళ్ళి చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. మనకు పాట ఎంత పాతదో పుస్తకం మీద ప్రేమ కూడా దాదాపు అంత పాతదే. ఆ రెండూ ఒకే ఇంట్లో పెరిగాయి. ఆ ఇల్లు మన పర్ధాన్ల ఇల్లు. ఈ సంచికలో ఆ కథ చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

లింగు వాయిస్తే నిప్పు దొరికింది

మన పురాణాలన్నిటికీ మూలపురుషుడు పహండి కుపార్ లింగు. గుహలో బందీలుగా ఉన్న మన దేవతలను విడిపించి, మనల్ని సగలుగా విభజించి, ఎవరు ఎవరితో వియ్యమందాలో చెప్పినవాడు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగల లెక్క ఈనాటికీ పెళ్ళి మాటల్లో నడుస్తోంది. అయితే లింగు ధర్మం చెప్పినవాడు మాత్రమే అనుకుంటే సగమే తెలిసినట్టు. ఆయన వాద్యకారుడు కూడా.

నాగపూర్ ప్రాంతంలో పనిచేసిన స్టీఫెన్ హిస్లప్ అనే మిషనరీ 19వ శతాబ్దం మధ్యలో లింగు కథను పర్ధాన్ నోట విని రాయించుకున్నాడు. ఆయన 1863లో చనిపోయాడు. ఆ కాగితాలను రిచర్డ్ టెంపుల్ 1866లో అచ్చు వేయించాడు. ఆ కథలో ఒక ఘట్టం ఉంది. వేటాడిన మాంసం కాల్చుకోవడానికి అన్నదమ్ములకు నిప్పు కావాలి. నిప్పు ఉన్నది ఒక ముసలి రాక్షసుడి పొలంలో. దొంగిలించబోయిన తమ్ముడు ప్రాణభయంతో పారిపోయి వస్తాడు. అప్పుడు లింగు వెళ్ళి సొరకాయ బుర్రకు తీగలు కట్టి, చెట్టెక్కి వాయించడం మొదలుపెడతాడు. ఆ వాద్యం విని ముసలివాడు ఆడతాడు, వాడి పెళ్ళాం కూడా వచ్చి ఆడుతుంది. కోపం మరచిపోతారు. నిప్పు దొరుకుతుంది.

ఆ కథ చెప్పుకున్న మన పెద్దలకు సంగీతం అంటే పని అయ్యాక పొద్దుపోవడానికి చేసేది కాదు. పొయ్యిలో నిప్పుతో సమానంగా దాన్ని లెక్కవేశారు.

కిక్రి అంటే ఏమిటి

లింగు వాద్యానికి వారసుడిగా మనం చూసేది పర్ధాన్ చేతిలోని కిక్రి. మూడు తీగలు, తోలు బిగించిన చెక్క బుర్ర, వెంట్రుకలు కట్టిన కమాను. చూడటానికి చిన్న వస్తువు. కాని పెర్సపేన్ పూజ దగ్గర, పెళ్ళిలో, చావు కర్మలో అది మోగకపోతే కార్యం పూర్తి కాదు. పెద్ద పాటగాడు కిక్రి వాయిస్తూ కథ ఎత్తుకుంటాడు. పక్కన ఉన్న ఇద్దరు వంతపాడుతూ, మధ్యమధ్య మాటల్లో విడమరచి చెబుతారు. తోడుగా పెప్రె ఊదేవాళ్ళు, డోలు కొట్టేవాళ్ళు ఉంటారు. ఒక్కో సగ పుట్టుక కథ, ఆ దేవత ఏ గుట్ట దాటి ఎక్కడికి వచ్చింది, ఏ ఊళ్ళో ఎవరు గద్దె కట్టారు, ఇవన్నీ ఆ పాటలోనే ఉంటాయి. మన వంశావళి, మన భూగోళం, మన ధర్మశాస్త్రం అన్నీ ఆయన కంఠంలో ఉన్నాయి.

ఇక్కడ చాలామంది యువకులకు తెలియని విషయం ఒకటి ఉంది. ఆదిలాబాద్ పర్ధాన్ల ఇంటి భాష మరాఠీ. ఇంట్లో ఒక భాష మాట్లాడుతూ, మన కోసం గోండీలో వందల కొద్దీ చరణాలు తండ్రి దగ్గర కొడుకు నేర్చుకుంటూ వచ్చారు. తొటీలు కూడా ఇలాగే కిక్రి పట్టి మన కథలు పాడారు. తన ఇంటి మాట కాని భాషలో మరొకరి పురాణాన్ని తరతరాలు చెడకుండా కాపాడటం ఎంత పెద్ద విద్యో ఆలోచించండి.

ఆ విద్యకు మన వంతు ఏమిటి? ప్రతి పర్ధాన్ ఇంటికీ పాడాల్సిన గోండు ఇళ్ళు ఉండేవి. పాడినందుకు ధాన్యం, బట్టలు, ఒక్కోసారి పశువు ఇచ్చేవాళ్ళు. అంటే వినే ఇల్లు పాడే ఇంటిని పోషించింది. ఇది మన గొప్ప. కాని నిజం పూర్తిగా చెప్పుకోవాలి. అదే పాటగాడిని మనం తక్కువవాడిగా చూశాం. ఆయన పాట విన్నాం, ఆయన ఇంటి అన్నం తినలేదు. ఈ మాట రాయడం కష్టంగానే ఉంది. అయినా ఈ సంచిక చదివే పిల్లలకు ఇది చెప్పకపోతే తరవాతి కథ అర్థం కాదు.

భీము నేర్చిన అక్షరం, మార్లవాయి బడి

ఇక చదువు సంగతికి వద్దాం. కొమురం భీము అనగానే మనకు తుపాకీ, జోడేఘాట్ గుర్తొస్తాయి. ఆయన చరిత్ర రాసినవాళ్ళు మరో సంగతి కూడా చెబుతారు. ఊరు విడిచి వెళ్ళిన యువకుడు భీము చందాలో విఠోబా అనే ఆయన అచ్చుయంత్రం దగ్గర పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడని, ఆ తరవాతే అస్సాం తేయాకు తోటలకు వెళ్ళాడని. పట్టా కాగితంలో ఏముందో, అటవీ చౌకీదారు చూపించే రసీదులో ఏముందో తెలియక మన భూములు పోయిన రోజులవి. అక్షరం తెలిసినవాడు మన పక్షాన నిలబడటం అంటే ఏమిటో పన్నెండు గూడేల వాళ్ళు భీములో చూశారు.

1940లో ఆశ్వయుజ పౌర్ణమి వేళ భీము జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఆ పోరాటం తరవాతే నిజాం ప్రభుత్వం మన బాధలు తెలుసుకొమ్మని క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో మన మధ్య ఇల్లు కట్టుకుని ఉన్నారు. 1943లో అక్కడ గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. బడిలో మొదట మన గోండీలోనే చెప్పాలని నిర్ణయించారు. అధికారిగా వచ్చిన సేతుమాధవరావు పగడి గోండీ నేర్చుకుని వ్యాకరణం రాశాడు. వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. దేశంలో గిరిజన పిల్లలకు తల్లిభాషలో చదువు చెప్పిన ప్రయత్నాల్లో మార్లవాయిది ఒకటి. తరవాతి కాలంలో ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రాల హద్దులు మారాయి, బడిలో గోండీ క్రమంగా తప్పుకుంది. హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు మాత్రం మార్లవాయిలోనే పక్కపక్కన ఉన్నాయి.

పక్క మండలంలో దాగిన పుస్తకాలు

గోండీకి లిపి లేదనుకుని మార్లవాయిలో దేవనాగరిలో వాచకాలు రాస్తున్న రోజుల్లో, ఇప్పటి లెక్కలో పక్క మండలమైన నార్నూర్‌లోని గుంజాల గ్రామంలో, పర్ధాన్ల ఇళ్ళలో చేతిరాత పుస్తకాలు ఉన్నాయి. గోండీ భాషవే. తమదైన లిపిలో రాసినవే.

ఆ సంగతి బయటి లోకానికి తెలియడానికి ఇంకా 60 ఏళ్ళు పైనే పట్టింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆయన వెంట వెళ్ళిన పరిశోధకులు ఆ ఊరు వెళ్ళి సుమారు డజను రాతప్రతులు చూశారు. వాటిలో కొన్ని 1750 ప్రాంతానివని తిరుమలరావు గారి అంచనా. చందా గోండు రాజుల ముచ్చట్లు, రాంజీ గోండు తిరుగుబాటు, దూరదేశాలతో వ్యాపారం, నెలల పేర్లు, పండుగల పేర్లు, లెక్కలు వాటిలో ఉన్నాయని చదివినవాళ్ళు చెప్పారు. ఆ లిపి చదవగలిగినవాళ్ళు అప్పటికి ఊళ్ళో నలుగురే. అందరూ ముసలివాళ్ళు.

ఆ అక్షరాల వరుస చూస్తే ఒక చిత్రం కనిపిస్తుంది. తెలుగులో, హిందీలో హల్లులు 'క'తో మొదలవుతాయి. గుంజాల లిపిలో హల్లుల వరుస 'య'తో మొదలై వ, బ, భ, మ దాటాక 'క' వస్తుంది. ఎవరి దగ్గరో పలక చూసి వరుస మార్చకుండా దించుకున్న లిపి అయితే ఇలా ఉండదు. తమ లెక్క తాము వేసుకున్నవాళ్ళ వరుస అది.

2018లో గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ఆ అక్షరాలకు ప్రపంచంలోని అన్ని కంప్యూటర్లలో, ఫోన్లలో ఒక స్థానం దొరికింది. అంతకు ముందు ఏడు, 2017లో, మంగళ్‌సింగ్ మసరాం 1918లో తయారుచేసిన మరో గోండీ లిపి కూడా యూనికోడ్‌లో చేరింది. ఇది బాలాఘాట్ వైపు పుట్టిన లిపి. రెండిటినీ కలిపేసి గందరగోళ పడకండి. పేర్లు గుర్తుపెట్టుకోండి: ఒకటి గుంజాల గోండీ, రెండోది మసరాం గోండీ.

ఇప్పుడు మళ్ళీ వెనక్కి చూడండి. తిండి దగ్గర దూరం పెట్టినవాళ్ళ ఇంట్లోనే మన భాష పుస్తకం దొరికింది. కిక్రి మోగించిన చెయ్యే కలం పట్టింది. పాడటం, రాయడం, చదవడం ఆ ఇంట్లో వేర్వేరు పనులు కావు.

జీవితమంతా ఒకే ప్రేమ

ఈ ప్రేమ ఎలా ఉంటుందో మన కాలంలోనే చూశాం. మార్లవాయి వాసి గుస్సాడీ కనకరాజు. దీపావళి దండారీలో నెమలి ఈకల టోపీ పెట్టి, గుమేల, తుడుం మోతకు అడుగు వేయడం నేర్చి, ముసలితనం దాకా ఆ అడుగు ఆపలేదు. ఢిల్లీ దాకా మన ఆట తీసుకెళ్ళారు, ఎంతోమంది యువకులకు నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌లో, దండారీ దగ్గరపడుతున్న రోజుల్లో, కన్నుమూశారు.

గోదావరి దిగువన మన కోయ సోదరుల్లో సకిని రామచంద్రయ్య డోలి పట్టి సమ్మక్క సారలమ్మల కథ పాడారు. ఆయన బడికి పోలేదు, కథ మొత్తం నోటికే. 2022లో పద్మశ్రీ, 2024లో మరణం. కోయ డోలీల దగ్గర పడిగె అనే గుడ్డ ఉంటుంది. వేల్పుల కథ, గోత్రాల క్రమం దాని మీద బొమ్మలుగా ఉంటాయి. డోలి దాన్ని చూస్తూ పాడతాడు. అది గుడ్డ మీది పుస్తకం. చదవడం వేరు, పాడటం వేరు అనే గీత అక్కడా లేదు.

ఒకే ఏడాదిలో ఇద్దరు పెద్దలు వెళ్ళిపోయారు. వాళ్ళకు సన్మానాలు జరిగాయి, ఫొటోలు దిగాం. వాళ్ళు బతికి ఉండగా మనలో ఎంతమంది కూర్చుని ఒక కథ మొదటి నుంచి చివరిదాకా విన్నాం? నన్ను నేను కూడా ఈ ప్రశ్న అడుగుకుంటున్నాను. రాత్రంతా సాగే కథలో అరగంట విని లేచి వచ్చినవాళ్ళలో నేనూ ఒకడిని.

మన వంతు

ఇప్పుడు పెళ్ళికి డీజే పిలవడం సులువు. పర్ధాన్‌ను పిలిస్తే పొద్దు పోతుందని, ఖర్చని అంటున్నాం. పిలిచే ఇల్లు లేనప్పుడు ఆయన కొడుకు కిక్రి ఎందుకు నేర్చుకుంటాడు? కూలికి పోతాడు. అది అతని తప్పు కాదు. కిక్రి గోడకు వేలాడుతుంది, తీగ తెగుతుంది, దానితోపాటు ఒక సగ కథ పోతుంది.

పుస్తకం సంగతీ అంతే. గుంజాల అక్షరాలు ఫోన్‌లోకి వచ్చాయని సంతోషించాం. కాని ఆ అక్షరాల్లో పేరు రాయగలిగినవాళ్ళు మన గూడెంలో ఎంతమంది? లిపి ఫోన్‌లో ఉంటే సరిపోదు, కంటికి అలవాటు కావాలి. మన జిల్లా ఉపాధ్యాయుడు తొడసం కైలాస్ మహాభారతాన్ని తెలుగు లిపిలో గోండీలో రాశారు. అంటే మన భాషలో చదువుకోవడానికి పుస్తకం లేదనే సాకు కూడా ఇప్పుడు లేదు.

అందుకని మూడు పనులు చెబుతాను, పెద్దవేమీ కావు. ఈ దీపావళికి మీ ఊరి దండారీలో డీజే పెట్టకండి, పెప్రె ఊదేవాళ్ళనే పిలవండి. మీ ఇంటికి పాడే పర్ధాన్ ఎవరో, తొటి ఎవరో మీ తాతను అడిగి తెలుసుకోండి. ఆయన్ని పిలవండి, కథ మొదటి నుంచి చివరిదాకా కూర్చుని వినండి, కుదిరితే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. తరవాత మీ పంక్తిలోనే కూర్చోబెట్టి అన్నం పెట్టండి. మూడోది, గుంజాల అక్షరాల వరుస నేర్చుకుని మొదట మీ అవ్వ పేరు రాయండి.

పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం పెద్దలు కాలినడకన గోదావరి నీళ్ళు తెస్తారు. దారి దూరమని ఎవరూ మానలేదు, ఏటా ఎవరో ఒకరు ఆ ఝారీ మోస్తూనే ఉన్నారు. మన పాట, మన పుస్తకం కూడా అలాంటి ఝారీయే. ఇన్నేళ్ళు పర్ధాన్ ఇల్లు మోసింది. ఇకమీదట మీరూ ఒక చెయ్యి వేయండి.

జై సేవా.