అవునా, కాదా చెప్పండి!

“తొలి మహిళ” అన్న మాట పేపర్లో కనిపిస్తే చాలు, మనలో చాలామందికి ప్రాణం లేచొస్తుంది. తొలి మహిళా జడ్జి, తొలి మహిళా పైలట్... వంటింట్లో ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా చదువుతాం. నేనూ అంతే. అయితే 2018లో అమెరికాలో ఒక తొలి మహిళ విషయంలో అక్కడి ఆడవాళ్ళే రెండుగా చీలిపోయారు.

ఆవిడ పేరు జీనా హాస్పెల్. 1956లో కెంటకీ రాష్ట్రంలో పుట్టింది. తండ్రిది వైమానిక దళంలో ఉద్యోగం. 1985లో సి.ఐ.ఎ.లో చేరింది. అమెరికావాళ్ళ గూఢచారి సంస్థ అది. మొదటి పోస్టింగు ఇథియోపియా. టర్కిష్, రష్యన్ భాషలు నేర్చుకుంది. 30 ఏళ్ళకి పైగా తను చేసే ఉద్యోగం ఇదీ అని బయట చెప్పుకోకుండానే గడిపింది. మనకి ఇంట్లో చిట్టీ కట్టిన సంగతి దాచడమే గగనం!

2018 మార్చి 13న ప్రెసిడెంటు ట్రంప్ ఆవిణ్ణి ఆ సంస్థకి డైరెక్టరుగా ఎంపిక చేశాడు. 1947లో పుట్టిన సి.ఐ.ఎ.లో అప్పటిదాకా సెనేట్ ఆమోదంతో ఆ కుర్చీ ఎక్కిన స్త్రీ లేదు. సంతోషించాల్సిందే కదా? గొడవంతా ఆవిడ వెనకటి సర్వీసులో ఉంది.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, అనుమానం ఉన్నవాళ్ళని పట్టుకుని, అమెరికా కోర్టుల చెయ్యి అందని పరాయి దేశాల్లో రహస్య జైళ్ళలో పెట్టారు. థాయిలాండ్‌లో ఒకటుండేది. 2002 చివర్లో దాని బాధ్యత ఈవిడదేనని పత్రికలన్నీ రాశాయి. సంస్థ మాత్రం అవునని నోరు విప్పలేదు. ఆ రోజుల్లోనే అక్కడ అల్ నషీరీ అనే ఖైదీని “వాటర్ బోర్డింగ్” చేశారు. అంటే మనిషిని బల్లకి కట్టేసి, మొహం మీద గుడ్డ కప్పి, నీళ్ళు పోయడం. ఊపిరాడక ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు “మెరుగుపరచిన విచారణ పద్ధతులు”. ఏం మెరుగో!

ఇలాంటి విచారణలకి తీసిన వీడియో టేపులు 92 ఉండేవి. 2005లో వాటిని నాశనం చేయించారు. ఉత్తర్వు ఇచ్చింది ఈవిడ పై అధికారి హోసే రోడ్రిగ్స్. దాని చిత్తు రాసింది ఈవిడ. ఈవిడ తప్పేమీ లేదని 2011లో సంస్థలోని పెద్ద అధికారి ఒకాయన తేల్చిన కాగితాన్ని 2018లో బయటపెట్టారు. మిగతా ఫైలు మాత్రం చాలావరకు రహస్యమే. ఏది చూపించాలో ఏది దాచాలో తేల్చేది సంస్థ. సెనేట్ విచారణనాటికి ఆ సంస్థకి తాత్కాలిక అధిపతి ఈవిడే! పెళ్ళికూతురి జాతకం పెళ్ళికూతురి తండ్రే రాసిచ్చినట్టు లేదూ?

మే 9న విచారణ. అప్పటి సెనేటరు కమలా హారిస్ (తల్లి శ్యామలా గోపాలన్ పుట్టింది మన మద్రాసులోనే లెండి) ఒక ప్రశ్న వేసింది. ఆ పద్ధతులు నీతిబాహ్యమైనవని ఇప్పుడు మీరు నమ్ముతున్నారా, అవునా కాదా? హాస్పెల్ ఏవేవో చెప్పింది. ఇప్పుడు మేం ఉన్నత ప్రమాణాలు పాటిస్తున్నాం అంది, నా చేతుల మీదుగా అలాంటివి మళ్ళీ జరగనివ్వను అంది. అవునని గాని, కాదని గాని అనలేదు. హారిస్ మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే.

స్త్రీల అభ్యున్నతి అంటూనే ఈవిణ్ణి కాదనేవాళ్ళు కపటులని ప్రెసిడెంటుగారి పత్రికా కార్యదర్శి, ఆవిడా ఆడమనిషే, దెప్పింది. ఇంకోపక్క 84 ఏళ్ళ సెనేటరు డయాన్ ఫైన్‌స్టైన్. ఈ చిత్రహింసల మీద 2014లో పెద్ద నివేదిక వెలువరించిన కమిటీకి అధ్యక్షురాలు ఆవిడే. స్త్రీ అన్న ఒక్క కారణానికి ఆవిడ మెత్తబడలేదు, వ్యతిరేకంగా ఓటేసింది. జాన్ మెకెయిన్ సంగతి మరీ. వియత్నాంలో అయిదున్నరేళ్ళు ఖైదీగా హింసలు పడ్డ మనిషి. మెదడు కాన్సర్‌తో ఆరిజోనాలో ఇంటిపట్టున ఉండే, ఈవిణ్ణి ఆమోదించకండని సాటి సెనేటర్లని కోరాడు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో సి.ఐ.ఎ.లో పెద్ద ఉద్యోగంలో ఉన్న జాన్ బ్రెన్నన్‌ని 2013లో ఇదే కుర్చీకి 63–34 ఓట్లతో ఆమోదించారు. రహస్య జైళ్ళకి అనుమతిచ్చిన పెద్ద మగవాళ్ళెవరికీ శిక్షలు పడలేదు. ఇదేం న్యాయం అని అడగొచ్చు, అడగాలి కూడా. కానీ వాళ్ళని వదిలేశారు గనక ఈవిణ్ణీ వదిలెయ్యమనడం నాకు మింగుడుపడదు. మనం కోరుకున్న సమానత్వం అదా?

ఓటింగు రెండు మూడు రోజులుందనగా హాస్పెల్ ఒక ఉత్తరం రాసింది, ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఆ కార్యక్రమం చేపట్టవలసింది కాదని. ఎదురుగా కూర్చుని అడిగితే రాని జవాబు, ఓట్లు లెక్కబెట్టుకునే వేళకి కాగితం మీద వచ్చింది. మే 17న 54–45 ఓట్లతో ఆమోదం పొందింది. 2021 జనవరి దాకా పనిచేసింది. మెకెయిన్ ఆ ఆగస్టులోనే పోయాడు.

ఇక ఆ ఖైదీ. యెమెన్‌లో 2000లో కోల్ అనే అమెరికా యుద్ధనౌకని పేల్చి 17 మంది నావికులని చంపిన కుట్రకి నాయకుడని అతని మీద అభియోగం. 2023 ఆగస్టులో గ్వాంటనమోలో మిలిటరీ జడ్జి అతని ఒప్పుకోలు వాంగ్మూలాలని కొట్టేశాడు, మునుపు పెట్టిన హింసల ఫలితమే అవి అని. ఆ 17 మంది తాలూకువాళ్ళు అప్పటికి దాదాపు 23 ఏళ్ళుగా తీర్పు కోసం కాచుకుని ఉన్నారు.