పంజాబీ, ఉర్దూ పదముల పుట్టుక

ఉర్దూ పరదేశమునుండి వచ్చిన భాష యని తలచువారు నేటికిని కలరు. లిపిని చూచి కలిగిన భ్రమ యిది. ‘ఉర్దూ’ యను పేరు మాత్రము దండువిడిది యను అర్థము గల తురుష్క పదము. పారసీక, అరబ్బీ పదములును ఆ భాషలో విస్తారముగా కలవు. అయినను ఇంటిలో, పొలములో వాడు మాటలును, క్రియాపదములలో హెచ్చు పాలును సంస్కృతమునుండి ప్రాకృతముల మీదుగా దిగివచ్చినవే. పంజాబీ చరిత్రయు అట్టిదే.

సంస్కృతమున ‘హస్తము’ ప్రాకృతమున ‘హత్థ’ యైనది. పంజాబీ రైతు నేటికిని ‘హత్థ్’ అనుచున్నాడు. ఉర్దూ ఆ జంటహల్లులో నొకదానిని విడిచి, లోటు తీర్చుటకో యన్నట్లు ముందున్న అచ్చును దీర్ఘము చేసి ‘హాథ్’ అన్నది. ఒక్క మాటలో ఇట్లు జరిగిన కాకతాళీయ మనవచ్చును. కాని ‘కర్ణము’ పంజాబీలో ‘కన్న్’, ఉర్దూలో ‘కాన్’. ‘దుగ్ధము’ అక్కడ ‘దుద్ధ్’, ఇక్కడ ‘దూధ్’. ‘సప్త’ అక్కడ ‘సత్త్’, ఇక్కడ ‘సాత్’. ‘సత్యము’ నుండి వచ్చిన ‘సచ్’ మాత్రము ఉర్దూలో దీర్ఘము పొందలేదు. పంజాబీ ప్రభావమే దీనికి కారణమని భాషావేత్తలు చెప్పుదురు. టర్నరు పండితుడు 1962-66 నడుమ ప్రకటించిన తులనాత్మక నిఘంటువులో ఇట్టి పదవంశములు వేలకొలదిగా కలవు.

‘అగ్ని’ పంజాబీలో ‘అగ్గ్’, ఉర్దూలో ‘ఆగ్’. మన పల్లెలలో ‘అగ్గి’ యనువారిని చూచి నవ్వు చదువరులు గమనింపవలెను: ప్రాకృతమునను అది ‘అగ్గి’యే! తెలుగు వేఱు కుటుంబపు భాష యగుటచే పంజాబీకి వారసత్వముగా వచ్చినది మనకు ఎరువుగా వచ్చినది. అంతియే భేదము.

రూపముతోపాటు అర్థమును మారును. ‘గర్భిణి’ ఉర్దూలో ‘గాభిన్’, పంజాబీలో ‘గబ్భణ్’ ఐనది. కాని ఆ మాట ఆవులకు, గేదెలకు మాత్రమే చెల్లును. స్త్రీ విషయమున ఉర్దూలో ‘హామిలా’ యను అరబ్బీ పదము మర్యాద. పరాయి మాట చావడిలో కూర్చుండగా ఇంటి మాట పశువుల కొట్టమునకు పోయినది.

‘పంజాబు’ అను పేరు పారసీకము. ‘పంజ్’ అనగా ఐదు, ‘ఆబ్’ అనగా నీరు. ఇవి సంస్కృతపు ‘పంచ’, ‘ఆపః’ అను పదములకు బిడ్డలు కావు, తోబుట్టువులు. ఆ ఐదు నదుల నేల 1947లో రెండు దేశములకు పంచబడినది. తూర్పున గురుముఖి, పడమట షాముఖి వ్రాతలో నిలిచినవి. పాలు పితుకువారు మాత్రము సరిహద్దునకు ఇరువైపులను ‘దుద్ధ్’ అనియే అనుచున్నారు.