రెండు మంచులు

శీతకాలపు పల్లెను చిత్రింపుమన్నచో ఐరోపా చిత్రకారునకు ముందుగా కావలసినది తెలుపు. బ్రూగెల్ 1565లో రచించిన 'మంచులో వేటగాండ్రు' అను చిత్రము వియన్నా మ్యూజియములో నున్నది. గడ్డకట్టిన చెరువులు, మోడువారిన చెట్లు, కుక్కలతో ఇండ్లకు మరలుచున్న వేటగాండ్రు అందు గలరు. మనకు అట్టి మంచు లేదు. మాట మాత్రము ఒక్కటియే: హిమాలయముపై పేరుకొనునదియు మంచే, పుష్యమాసపు తెల్లవారుజామున ప్రత్తిచేలపై క్రమ్మునదియు మంచే.

ఈ రెండింటిని చూచిన చిత్రకారుడొకరు గుంటూరు సీమలో ఉండిరి. 1914లో తుమ్మపూడిలో జన్మించిన సంజీవదేవ్, కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ సన్నిధిని కొంతకాలము గడపిరి. రోరిక్ హిమశిఖరముల చిత్రకారుడు. సంజీవదేవ్ స్వగ్రామమునకు మరలి వచ్చి, ఎక్కువగా ప్రకృతి దృశ్యములనే చిత్రించిరి. వారు 1999లో కన్నుమూసిరి.

మనుష్యుడు లేని దృశ్యము మన ప్రాంతపు కళకు క్రొత్తదే. సుమారు 1800 ఏండ్ల క్రిందట అమరావతి శిల్పులు చెట్టును, ఇంటిని, ఏనుగును ఎంతయో శ్రద్ధతో చెక్కిరి. కాని వారి పలకలు జనముతో క్రిక్కిరిసి యుండును.

వారెరుగని రంగు కూడ ఒకటి కలదు. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ఓడలలో 16వ శతాబ్దమున గాని మన దేశమునకు రాలేదు. కళ్ళములలో పరచిన ఆ ఎరుపును మనము అనాదియని తలతుము. నిజమునకు దాని వయస్సు, గట్టిగా లెక్కించిన, అయిదు వందల ఏండ్లు. 1967లో నాగార్జునసాగరపు కాలువలకు నీరు వదలిన పిమ్మట ఈ మెట్టభూముల రూపు మరల మారినది.

ఇక ఆ నిశ్శబ్దము మాట. రైలు కిటికీనుండి చూచి "ఎంత ప్రశాంతము!" అని మెచ్చుకొన్నవారిలో మేమును ఉన్నాము. రైతునకు ఆ వేళ ప్రశాంతత యెక్కడిది? మంచు దట్టమైనచో ఆరబోసిన కాయ చెమ్మగిల్లి రంగు చెడును. రంగు చెడిన కాయ తాలులోనికి పోవును. తాలునకు యార్డులో ధర లేదు. కనుక ప్రొద్దు వాలకముందే కాయను కుప్పచేసి పట్ట కప్పుదురు. ఎండ ముదిరిన పిదప మరల పరతురు. సంవత్సరపు అప్పు, కౌలు, పెండ్లి ఖర్చు సమస్తము ఆ పట్ట క్రిందనే యుండును.

దూరమునుండి చూచు చిత్రకారునకు అది పొగమంచులో ఒక నల్లని మచ్చ. ఆ మచ్చ ప్రక్కన దుప్పటి కప్పుకొని ఎవరో ఒకరు కావలి పరుండియుందురు.