మారుతి ఎనిమిదొందల ముచ్చట

దగ్గరికి జరుగున్రి బిడ్డా. మంటల ఇంకో కట్టె ఎయ్యి. ఆ గిన్నెల ఊసబియ్యం ఉన్నయి, తినుకుంట వినున్రి. పొద్దటి సంది పతంగుల దారం పట్టుకొని దాబా మీదనే ఉంటిరి, ఇప్పుడు జరసేపు నా మాట వినున్రి. మారుతి ఎనిమిదొందల కారు ముచ్చట చెప్త. ఫోన్ల రేసు ఆడుతరు గదా, అసలు రేసులల్ల మనోళ్లు ఏ ఇంజను మీద నడక నేర్చిన్రో తెలుసుకోవాలె.

నేను సిరిసిల్ల నుంచి సూరత్‌కు వచ్చిన నాడు రోడ్డు మీద అంబాసిడర్ లేకుంటే ఫియట్, ఈ రెండే కనవడేవి. కతర్‌గామ్‌ల ఒక గల్లీల వజ్రాలు సానబెడితే ఇంకో గల్లీల బట్ట నేసే సాంచాలు మోగేవి. నేను సాంచాలు బాగుజేసే జాబర్‌ను. నడిరాత్రి సాంచె ఆగినా నన్నే లేపేటోళ్లు. కారంటే సేఠ్‌లది, మనది సైకిల్.

గసొంటి దినాలల్ల మారుతి వచ్చింది. జపాన్ సుజుకీ కంపెనీతోని 1982 అక్టోబర్ 2న ఒప్పందం అయింది. 1983 డిసెంబర్ 14న మొదటి కారు తాళాలు ఇందిరాగాంధీ తన చేతులతోని ఢిల్లీల హర్పాల్ సింగ్ అనే ఆయనకిచ్చింది. ఎయిర్‌లైన్స్‌ల పనిచేసే మామూలు ఉద్యోగి ఆయన, లాటరీల పేరు తగిలింది. ధర యాభై వేలకు అటూఇటు. పదివేలు ముందుగాల కట్టి, చీటీల పేరెప్పుడు లేస్తదా అని దేశమంత ఎదురుచూసింది. మా సేఠ్ ఇంటికి ఆ కారు వచ్చిన నాడు గల్లీల ఆడోళ్లంత హారతి పళ్లెం పట్టుకొని నిలబడ్డరు.

నేను మాత్రం బానెట్ లేపి చూసిన. 796 సీసీ ఇంజను, మూడే సిలిండర్లు. చక్రాలు పన్నెండు అంగుళాలయి. బండి మొత్తం ఆరున్నర క్వింటాళ్లకు అటూఇటు. ముందు చక్రాలే బండిని గుంజుతయి. ఏది ఎక్కడున్నదో కండ్లకు కనవడ్తది, పానా ఎక్కడికైనా పోతది. సాంచె తీర్గనే అది కూడ ఇప్పి చూస్తే సమజయ్యే మిషన్ అని ఆ పొద్దే నాకు తెలిసిపోయింది.

మా సేఠ్ కొడుక్కు రేసులంటే పానం. ఒక ఏడు మద్రాసుకు పోతుంటే తోడుగ నన్ను తోల్కపోయిండు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినం. మనోళ్లంత ఆ బండి ఎక్కి వరంగల్ల దిగేటోళ్లే. ఆ పొద్దు వరంగల్ల నేను దిగలే, చాయ్ తాగి మళ్ల ఎక్కి కూసున్న.

అంతకుముందు మద్రాసు రేసులు షోలవరంల అయ్యేవి. అది యుద్ధం కాలంల విమానాలు దిగిన పాత రన్‌వే. 1990 నుంచి శ్రీపెరుంబుదూరు కాడ ఇరుంగాట్టుకోట్టైల మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బోళ్ల ట్రాక్ నడుస్తున్నది. ఒక్క చుట్టు 3.7 కిలోమీటర్లు. మనం సంతకు పోయే మారుతే అక్కడ వెనుక సీటు పీకేసి, లోపట ఇనుప పైపుల పంజరం బిగిచ్చుకొని ఉరికొస్తున్నది. మలుపు కాడ లోపలి దిక్కు వెనుక చక్రం భూమి ఇడిసి లేస్తది. నడిపేటోడు భయపడి కాలు తీస్తే బండి గిర్రున తిరుగుతది. కాలు తియ్యకుంట పట్టుకుంటే ముందు చక్రాలే దాన్ని మలుపుల నుంచి బయటికి గుంజుకొస్తయి.

రేసు అయినంక ఒక మెకానిక్ కాడ నిలబడ్డ. ముసలాయన, చేతులు నల్లగున్నయి. వేడి ఇంజను నుంచి ప్లగ్గు ఇప్పి ఎండకు పట్టుకున్నడు. ఆయనది అరవం, నాది తెలుగు. అయినా ఆయన చూపిచ్చింది సాఫ్‌గ సమజయింది. ప్లగ్గు కొస బిస్కెట్ రంగుంటే గాలి, పెట్రోలు సరిగ్గ కలిసినట్టు. నల్లగ మసి పడితే పెట్రోలు ఎక్కువైనట్టు. తెల్లగ మాడితే పెట్రోలు తక్కువ, ఇంజను కాలిపోతది ఖబడ్దార్. మూడు ప్లగ్గులు వరుసగ పెట్టి, మూడోది జర తెల్లగున్నదని కార్బొరేటర్ల జెట్టు మార్చిండు. కాయితం లేదు, కంప్యూటర్ లేదు, చూపొక్కటే.

ఇంకో సంగతి. ఆ ట్రాక్ మీదనే ఫార్ములా మారుతి బండ్లు ఉరికినయి. పైకప్పు ఉండది, చక్రాలు బయటికి ఉంటయి, ఒక్కడే కూసుంటడు. లోపల ఇంజను మాత్రం మన మారుతిదే. వాటిని తయారుజేసింది కోయంబత్తూరు ఎస్. కరివర్ధన్, బట్టల మిల్లుల కుటుంబపాయన. తెలుగు మాట్లాడే నాయుళ్లు తరతరాల సంది ఉన్న ఊరది. విదేశీ రేసు కారు కొనే తాకత్ లేని పిల్లగాండ్లు గూడ నేర్చుకోవాలని ఆయన తపన. 1995ల విమాన ప్రమాదంల పోయిండు. ఇయ్యాల కోయంబత్తూరు రేసు ట్రాక్‌కు ఆయన పేరే ఉన్నది.

గా ఫార్ములా మారుతిలనే నరేన్ కార్తికేయన్ అనే కోయంబత్తూరు పిల్లగాడు మొదటి రేసు చేసిండు. 1977 జనవరి 14న, సంక్రాంతి నాడే పుట్టిండు. గా పిల్లగాడే 2005ల మెల్‌బోర్న్‌ల జోర్డాన్ కారెక్కి ఫార్ములా వన్ రేసుల దిగిన మొదటి భారతీయుడైండు. అదే ఏడు అమెరికా రేసుల నాలుగో స్థానంల వచ్చి అయిదు పాయింట్లు తెచ్చిండు. టైర్ల లొల్లితోని ఆ పొద్దు ఆరు కార్లే ఉరికినయి, నిజమే. కని మూడు సిలిండర్ల ఇంజను కాడ మొదలుబెట్టినోడు ఆడిదాక పోవుడు చిన్న ముచ్చట కాదు.

తర్వాత నేనొక పాత తెల్ల మారుతి కొన్న, జీజే-5 నంబర్‌ది. మీ నాయిన అప్పుడు బడికి పోతుండె. 1994 సెప్టెంబర్ల సూరత్‌కు ప్లేగు వచ్చింది. స్టేషన్ల కాలు పెట్టే జాగ లేదు. మూతులకు రుమాళ్లు కట్టుకొని లక్షల మంది ఊరిడిసిపోయిన్రు. మీ బాపమ్మ మూట గట్టింది, పిల్లలను ఎక్కిచ్చుకొని కారు తీసిన. వ్యారా, నవాపూర్, ధూళే దాటి, చాలీస్‌గావ్ మీదికెళ్లి కన్నడ్ ఘాట్ ఎక్కినం. రెండో గేరుల మెల్లగ ఎక్కుతుంటే ఇంజను వేడెక్కింది. రోడ్డు పక్కన ఆపి, చల్లబడేదాక ఉండి, నీళ్లు పోసి మళ్ల ఎక్కిచ్చిన. ఔరంగాబాద్, నాందేడ్ దాటి నిజామాబాద్ జిల్లాల అడుగు పెట్టినంక మీ బాపమ్మ మూతి మీది రుమాలు తీసింది.

2006 ఆగస్టుల ఉకాయ్ డ్యాం నీళ్లు ఇడిస్తే తాపీ నది ఊర్లకొచ్చింది. కారు సీట్ల దాక మునిగింది. నీళ్లు తీసినంక తాళం తిప్పద్దు బిడ్డా, యాదుంచుకోన్రి. ముందుగాల ఆయిల్ ఇడిసిన, నీళ్లు కలిసి తెల్లగ వచ్చింది. ప్లగ్గులు ఇప్పి, సిలిండర్లల్ల నీళ్లు బయటికి కొట్టిచ్చిన. డిస్ట్రిబ్యూటర్ మూత ఇప్పి ఎండపెట్టిన. ఆయిల్ రెండుసార్లు మార్చినంక ఇంజను అందుకున్నది. మీ బాపమ్మ బానెట్‌కు పసుపు రాసింది.

2010 ఏప్రిల్ల కొత్త పొగ నిబంధన వచ్చి పదమూడు నగరాలల్ల కొత్త ఎనిమిదొందల అమ్ముడు ఆగిపోయింది. అండ్ల సూరత్ ఉన్నది, హైదరాబాద్ ఉన్నది. 2014 జనవరి 18న తయారీయే బందువెట్టిన్రు. పొగ తగ్గాలె, బండి గుద్దితే మనిషి బతకాలె, గా నిబంధనలను నేను తప్పు పట్ట. ఎయిర్‌బ్యాగులు లేని ఆ పల్చటి రేకు కారుల మిమ్మల్ని ఇయ్యాల నేనే ఎక్కనియ్య.

కని ఒక్క మాట. 2023ల హైదరాబాద్‌ల హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల రేసు అయింది. చూసుటానికి జనం మస్తు వచ్చిన్రు. చూసుడు వేరు, దిగుడు వేరు. సిరిసిల్ల పిల్లగాడు, కతర్‌గామ్ పిల్లగాడు రేసుల దిగాలంటే వాని చేతికందే బండి ఉండాలె, వాడే ఇప్పి వాడే బిగిచ్చుకునే ఇంజను ఉండాలె. మారుతి పోతే పోయింది, గసొంటి ఇంజను ఇంకోటి పిల్లల చేతికి రావాలె. మీల ఎవరన్న ఇంజనీరైతే, పెద్ద రేసు కారు కన్న ముందు అది తయారుజెయ్యున్రి.