సూది తుపాకి: ఫైరింగ్ పిన్ను పరిణామము

1866 జూలై 3వ తేదీన కోనిగ్‌గ్రేట్స్ రణరంగమున ప్రష్యా సేన ఆస్ట్రియా సేనను ఓడించెను. ఆ విజయమునకు చెప్పబడు కారణములలో ‘సూది తుపాకి’ ప్రసిద్ధమైనది. నేడు ఫైరింగ్ పిన్ను అని వ్యవహరింపబడు భాగమే ఆనాటి సూది. పేరు తెచ్చిన ఆ పొడవైన సూది తుపాకికి గుణమా, దోషమా యను విషయమును ఇచ్చట విచారింపదలచినాము.

ఈ తుపాకి నిర్మాత సోమెర్డా వాస్తవ్యుడగు డ్రైజే (1787–1867). ప్రష్యా 1841లో దీనికి ‘తేలిక పెర్కషన్ తుపాకి’ అని పేరుపెట్టి లోపలి రహస్యమును దాచెను. ఇది బోల్టు తెరచి వెనుకనుండి నింపు తుపాకి. తూటా కాగితముతో చేయబడినది. అందు ముందు గుండు, దానిని పట్టియుంచు అట్టదిమ్మె, దిమ్మె అడుగున తాకిడికి మండు ప్రైమరు, అన్నిటికి వెనుక మందు ఉండెడివి. కావున సూది కాగితమును చీల్చి, మందునంతటిని దాటి ప్రైమరును తాకవలెను. దూరము పోవలసినది గనుక పొడవు, మందులో దూరవలసినది గనుక సన్నము. మందు మండునపుడు దాని కొన జ్వాలలోనే యుండెడిది. అందుచే సూదులు చెడుటయు, విరుగుటయు కలిగెడివి. సైనికులు అదనపు సూదులు వెంట ఉంచుకొనెడివారు.

ఈ దోషము తీరినది సూదిని దృఢము చేయుటవలన కాదు, తూటాను మార్చుటవలన. 1866లో ఫ్రాన్సు స్వీకరించిన షాస్పో తుపాకియందు ప్రైమరు తూటా వెనుక కొనకు వచ్చెను. సూది మందును దాటు పని తప్పెను. 1871 నాటి మౌజర్ లోహపు తూటాను గ్రహించెను. అంతట పిన్ను తూటాలోనికి పోవలసిన పనిలేక, బయటనుండి ప్రైమరును గట్టిగా కొట్టిన చాలునాయెను. కొన పొట్టిదై బలపడెను.

అయినను సమస్య సమసిపోలేదు, రూపము మార్చుకొనెను. 1886లో ఫ్రెంచి లెబెల్ తుపాకితో పొగలేని మందు వచ్చి, తూటాలోని పీడనము మిక్కిలి పెరిగెను. పిన్ను కొన తన రంధ్రమున వదులుగ నున్నచో ప్రైమరు లోహము ఆ సందులోనికి ఉబుకును. కొన హెచ్చుగ పొడుచుకొని వచ్చినచో ప్రైమరు చిల్లుపడి వేడివాయువు వెనుకకు తన్నును. తక్కువైనచో తూటా పేలకపోవచ్చును. 1898 నాటి మౌజర్ బోల్టునకు వాయువు పక్కకు పోవు రంధ్రములను అమర్చుట ఈ అపాయమును ఎరిగియే.

ఇక మొదటి ప్రశ్న. పొడవైన సూది దోషమే. కాని 1866లో ఎదుటివారు గొట్టము ముందునుండి నింపు తుపాకులతో నిలువబడి పోరాడుచుండగా, ప్రష్యా సైనికుడు పండుకొనియే వేగముగ నింపగలిగెను. ఆ దోషము ఆ లాభముచే కప్పబడెను. 1870–71 యుద్ధమున అదే సూది తుపాకి షాస్పోకు సాటి రాలేదు. అయినను ప్రష్యాయే గెలిచెను. ఆ గెలుపున క్రుప్ ఉక్కు ఫిరంగులకును, సేనా నిర్వహణకును పెద్ద పాలు కలదు. కావున ఒక భాగమును తూటానుండి, తుపాకిని యుద్ధమునుండి విడదీసి తీర్పు చెప్పుట చరిత్రకారునకు తగదని మా అభిప్రాయము.